మూరెడు విప్పిన పటం

లై చిక్కబడే దాకా రాజమల్లు గరిటె ఆపడు. ఆపితే ఉండ కడుతుంది. ఉండ కట్టిన లైతో అతికిస్తే పుస్తకం వీపు గడ్డలు గడ్డలుగా లేస్తుంది. కోరుట్ల గ్రంథాలయం వెనక వరండాలో చిన్న కరెంటు పొయ్యి మీద సత్తు గిన్నె పెట్టి, మైదాపిండిని నీళ్లలో పలుచగా కలిపి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, పొద్దున ఏడున్నరకే ఆ పని మీద కూర్చుంటాడు. ఆ పని చేయమని ముప్పై ఏళ్లలో ఏ అధికారీ అతనికి చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు కాబట్టి సాగుతోంది.

యాభై ఏడేళ్ల మనిషి. పొట్టిగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. కుడిచేతి వేళ్ల కొసల్లో లై ఎండిపోయి ఎప్పుడూ తెల్లగా పొట్టు లేస్తుంటుంది. అన్నం ముందు గీకేస్తే పోతుంది, గంటలో మళ్లీ వస్తుంది. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట దబ్బనం ఉంటుంది. బట్టలు ఉతికేటప్పుడు అది గుచ్చుకుని భార్య శాంత తిట్టని వారం లేదు. తిట్టు విని నవ్వుతాడు, మర్నాడు మళ్లీ దబ్బనం జేబులోనే ఉంటుంది.

అటెండరుగా అతను చేయాల్సిన పనులు వేరు. తలుపులు తీయాలి, ఊడవాలి, పేపర్లు కర్రలకు తగిలించాలి, డ్రమ్ములో మంచినీళ్లు పోయించాలి. ఎనిమిదయ్యేసరికి గ్రూపు పరీక్షలకు చదివేవాళ్లు వచ్చి కుర్చీల మీద సంచులు పెట్టి చోటు పట్టుకుంటారు. గోడ పొడవునా నిలబెట్టిన కథల పుస్తకాల బీరువాలు వాళ్లకు వీపు ఆనించుకోవడానికి పనికొస్తాయి. రాజమల్లుకు వాళ్ల మీద కోపమేమీ లేదు. చదివేవాడు ఉన్నా లేకపోయినా పుస్తకం కుట్టు ఊడి ఉండకూడదు, అంతే.

అతని చదువు కూడా కుట్టుపనిలోనే సాగింది. వీపు ఊడదీస్తే పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా విడిపోతుంది. ఒక్కో ఫారం మడత మీద దబ్బనంతో మూడు బెజ్జాలు పొడిచి, దారం ఎక్కించి, పక్క ఫారంతో ముడి వేసే లోపల కళ్లు ఎలాగూ పేజీ మీద పడతాయి. చూసేవాళ్లకు పని చేస్తున్నట్టే ఉంటుంది. పదో తరగతి తప్పిన మనిషి ఇలా ఎవరికీ తెలియకుండా నాలుగు బీరువాలు చదివేశాడు.

ఆ పుస్తకం దొరికింది నిరుటి వానాకాలంలో. కప్పు కారి తడిసిన కట్టలో అడుగున ఉంది. అట్ట లేదు, మొదటి ఫారం లేదు. కాబట్టి దానికి పేరూ లేదు, తెలుగు చేసినవారి పేరూ లేదు. ఎక్కడో ఉత్తరాన, ఏడాదిలో సగం మంచు కప్పే సముద్రపు దీవిలో వెయ్యేళ్ల కింద బతికిన రైతుల కథలవి. ముందు సగమంతా కథలు, వెనక సగం వాళ్ల పాత దేవుళ్ల మీద పాటలు. రాజమల్లు కుట్టడానికే విప్పాడు. మూడో ఫారం దగ్గర దారం చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పొయ్యి మీద లై మాడి, చదువుకునేవాళ్లు ముక్కులు మూసుకుంటే గాని తెలివి రాలేదు.

అతన్ని పట్టుకున్నది యుద్ధాలూ కాదు, వీరులూ కాదు. కథ మొదలుపెట్టే తీరు. ఫలానావాడి కొడుకు ఫలానావాడు, వాడి కొడుకు వీడు, వీడు ఫలానా వాగు పక్కన ఇల్లు కట్టుకున్నాడు అంటూ రెండు పేజీలు పేర్లే. వేరే ఎవరైనా తిప్పేసేవారు. రాజమల్లుకు మాత్రం ఆ పేజీల్లోంచి చచ్చిపోయిన తండ్రి కొమురయ్య గొంతు వినిపించింది.

వాళ్లది కూనపులి ఇల్లు. నేతవాళ్ల వీధులకు వెళ్లి, వాళ్ల కులం ఎలా పుట్టిందో, మొట్టమొదటి బట్ట ఎవరు నేశారో పటం విప్పి చూపిస్తూ పాడి చెప్పేవాళ్లు. ముప్పై మూరల గుడ్డ పటం, ఎర్రరంగు మీద బొమ్మలు. రోజుకు కొన్ని మూరలు విప్పుతూ ఏడు రోజులు చెప్పే కథ. సిరిసిల్లలో ఆరు వీధులు కొమురయ్య వంతు. కథ వినే ఇంటి పెద్ద పేరు, అతని తండ్రి పేరు, తాత పేరు ఏడు తరాల దాకా చెప్పి గాని ఆయన మొదటి బొమ్మ మీద కర్ర పెట్టేవాడు కాదు. ఎక్కడా రాసిపెట్టుకోలేదు. అంతా నోట్లోనే ఉండేది.

ఆ చలిదేశం కథల్లో ఇంకో అలవాటు ఉంది. పని అయిపోయిన మనిషిని ఒక్క మాటతో పంపించేస్తాయి. ‘ఇక అతడు ఈ కథలో లేడు’ అంటాయి. చచ్చిపోయాడని కాదు. ఎక్కడో గొర్లు కాచుకుంటూ బతికే ఉంటాడు, కథకు మాత్రం అక్కరలేదు. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు రాజమల్లు ముఖం వేడెక్కింది. పదిహేడేళ్ల వయసులో తను చేసిన పని గుర్తొచ్చింది.

పటానికి రెండు కర్రలు. ఒకటి అన్న దేవయ్య పట్టుకునేవాడు, రెండోది తను. సిరిసిల్లలో ఒక సాయంత్రం కథ జరుగుతుంటే ఎదురింటి గడపలో తన తరగతివాడు సతీశ్ నిలబడి చూస్తున్నాడు. వెక్కిరించలేదు. చూశాడంతే. కథ అయ్యాక ఆనవాయితీ ప్రకారం సతీశ్ ఇంటి చేటలోని బియ్యానికే రాజమల్లు జోలె పట్టాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున అతను లేడు. కోరుట్లలో మేనమామ ఇంటికి చేరాడు, గ్రంథాలయంలో ఊడ్చే పనిలో చేరాడు, మళ్లీ కర్ర పట్టలేదు. తండ్రి పిలిపించలేదు. దేవయ్య ఆ రెండో కర్రను అప్పటినుంచి ఎవరింటి ముందు చెబితే వాళ్ల వాకిలి గుంజకు కట్టుకుని కథ చెప్పాడు. దాదాపు ముప్పై ఏళ్లు రాజమల్లు స్థానంలో గుంజలే నిలబడ్డాయి.

ప్రతి ఏడూ దేవయ్య కబురు పెట్టేవాడు, పది రోజులు రమ్మని. సెలవు దొరకదని రాజమల్లు చెప్పేవాడు. సెలవు దొరికేది. పదకొండేళ్ల కింద చివరిసారి దేవయ్య ఒక్కడే వెళ్లాడు. అప్పటికి వీధంతా మరమగ్గాలే, అక్కడివాళ్లు సాంచాలంటారు. సాంచాలు ఆపితే ఆర్డరు ఆగుతుందన్నారు. ఆ చప్పుడులోనే రెండు రోజులు పాడాడు. ఎదురుగా కూర్చున్న నలుగురికి నోరు కదలడం కనిపించిందే తప్ప పాట వినిపించలేదు. మూడోనాడు మర్యాదగా బియ్యం పెట్టి పంపేశారు. పటాన్ని బట్టలో చుట్టి దూలానికి కట్టేశాడు. ఈ సంగతి ఆయన నవ్వుతూనే చెప్పాడు. రాజమల్లు కూడా నవ్వాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే అతన్ని కోస్తుంది.

పుస్తకం చివరి ఫారంలో చిన్న అక్షరాలతో ఒక ముక్క రాసి ఉంది. ఆ దీవివాళ్లు దేవుణ్ణి మార్చుకున్నారట. పాత కథలు ముసలివాళ్ల నోళ్లలో మిగిలాయట. రెండు వందల ఏళ్లు గడిచాక ఎవరో ఒకడు దూడ తోలు చదును చేసుకుని కూర్చుని రాశాడట. వాడి పేరు కూడా తెలియదట. ఎవరో ఒకడు కూర్చున్నాడు. ఆ మాట రాజమల్లును వదల్లేదు. మర్నాడే రెండు వందల పేజీల లాంగు నోటుబుక్కు కొన్నాడు. వీపు గట్టిగా ఉండాలని మళ్లీ తన చేత్తో కుట్టాడు. మొదటి పేజీ మీద గుండ్రటి అక్షరాలతో ‘మా నాయన కొమురయ్య చెప్పిన కథ, అన్న దేవయ్య నోట విన్నది’ అని రాశాడు. ఎనిమిది నెలలైంది. రెండో పేజీ మీద ఇంకా ఏమీ లేదు. వాన పడిందని ఒక వారం, ఆడిట్ అని ఒక వారం, ఏ కారణమూ లేక కొన్ని వారాలు గడిచిపోయాయి.

చందుర్తి నుంచి అన్న కోడలు సరిత ఫోన్ చేసి, మామకు ఆయాసం ఎక్కువైందని, మెట్లు ఎక్కలేకపోతున్నాడని చెప్పింది నాలుగు రోజుల కింద. అందుకని ఈ రోజు పదకొండు గంటల బస్సుకు వెళ్లాలని తేల్చుకున్నాడు. సెలవు ముందే అడిగి పెట్టాడు.

లై దించి చేతులు కడుక్కుంటుంటే లైబ్రేరియన్ సింధూజ వచ్చింది. రేపు పైఅధికారులు వస్తారని, పనికిరాని పుస్తకాల జాబితా తయారు కావాలని, రాజమల్లు గారు లేకపోతే ఏది ఎక్కడుందో తనకు తెలియదని అంది. మంచి మనిషి. బతిమాలినట్టే అడిగింది. రాజమల్లు ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. అన్న కబుర్లకు తప్ప లోకంలో ఎవరి మాటకూ కాదనలేదు. రెండు గంటలు కట్టలు మోశాడు. నంబరు లేని పుస్తకాలన్నీ ఒక పక్కకు పెట్టించింది ఆమె. వాటిలో చలిదేశం పుస్తకం ఉంది.

“దీన్ని నేను తీస్కపోత మేడం,” అన్నాడు.

తీసుకొమ్మంది. నోటుబుక్కు పక్కన దాన్ని సంచిలో పెట్టుకుని ఒంటిగంట దాటాక వేములవాడ బస్సు ఎక్కాడు. కథలాపూర్, రుద్రంగి మీదుగా చందుర్తికి గంటన్నర. కిటికీ పక్కన కూర్చుని, అన్నను ఏమని అడగాలో మాటలు కూర్చుకున్నాడు. ఏ మాట కూర్చినా అందులో తప్పు తనదే అవుతోంది.

దేవయ్య ముందు గదిలో నులక మంచం మీద గోడకు ఆని కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఒక్కటి దాటాయి. ఎండిన ఒళ్లు, పెద్ద చెవులు, ఎడమ కంటి మీద పొర. ఊపిరి తీసుకున్నప్పుడల్లా మెడ దగ్గర గుంట పడుతోంది. చేతులు మాత్రం ఊరికే ఉండవు, మాట్లాడేటప్పుడు గాల్లో ఏదో చూపిస్తుంటాయి. గడప దగ్గర సరిత చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె భర్త ధనుంజయ్ సిరిసిల్లలో సాంచాల మీద పనిచేస్తాడు, వారానికోసారి వస్తాడు. తలెత్తి చూస్తే దూలానికి పటం వేలాడుతోంది, దాన్ని చుట్టిన బట్ట పొగకు నల్లబడింది.

“తొవ్వ మరిచి అచ్చినవారా?” అన్నాడు దేవయ్య.

“నీ తానికే అచ్చిన అన్నా. నాయిన కథ నువ్వు చెప్తాంటె రాసుకుందామని.”

దేవయ్య మంచి కన్నుతో తమ్ముణ్ణి కాసేపు చూశాడు. ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందని అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. రాజమల్లు బస్సులో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. సంచిలోంచి పుస్తకం తీసి చూపించాడు. వీళ్లెవరో చలిదేశపోళ్లని, వాళ్ల నాయినల కథలు పోకుండా ఎవరో రాసుకున్నారని, అది చదివాకే తనకు బుద్ధి వచ్చిందని చెప్పాడు.

“అయితే ముందుగాల గా వాళ్ల కథ చెప్పు. ఇనని.”

పది నిమిషాల్లో ముగిద్దామనుకున్నాడు రాజమల్లు. అన్న కథ మొదటినుంచీ ఒక్క ముక్క పోకుండా దొరకాలని ఫోన్‌లో రికార్డింగ్ అప్పుడే నొక్కి మంచం కోడు పక్కన పెట్టాడు. నోటుబుక్కు తెరిచి ఒళ్లో పెట్టుకున్నాడు. పుస్తకంలో తనకు అన్నిటికన్నా నచ్చిన కథను ఎత్తుకున్నాడు. ఒక ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములున్నారు అన్నాడు.

దేవయ్య చెయ్యి లేపి ఆపాడు. తండ్రి పేరేంది అని అడిగాడు. ఆ పేర్లు నోరు తిరగవని రాజమల్లు అంటే, “తిరుగకుంటే తిప్పుకో. తండ్రి పేరు చెప్పకుంటే కొడుకెట్ల పుడ్తడు?” అన్నాడు. రాజమల్లు పేజీ తెరిచి ఏడు తరాల పేర్లూ కూడబలుక్కుని చదివాడు. దేవయ్య పెదవులు కదిలిస్తూ విన్నాడు. విని, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి ఒక్క పేరు తప్పకుండా తిరిగి చెప్పేశాడు. సరిత చేతిలో తునికాకు అలాగే ఆగిపోయింది.

కథ ఇది. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక్క పడవ. ఒక చలికాలం తిండి లేక ఊళ్లు అల్లాడుతుంటే తిమింగలం ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఒడ్డు మాదంటే మాదని అవతలి ఊరివాళ్లు గొడ్డళ్లతో వచ్చారు. అన్న ఒంటరిగా నిలబడి తమ్ముడికి కబురు పెట్టాడు. తమ్ముడు ఎక్కడో గొర్ల బొచ్చు కత్తిరిస్తూ, ఈ ఒక్క గొర్రె అయ్యాక పోదాం, ఇంకొక్కటి అయ్యాక పోదాం అని కూర్చున్నాడు.

అక్కడికి వచ్చి రాజమల్లు చెప్పడం ఆపాడు. తను ఈ కథ ఎందుకు ఎత్తుకున్నాడో తనకే అప్పుడు తెలిసింది. గోడ గడియారం చూశాడు. నాలుగు దాటింది. ఆరున్నరకు చివరి బస్సు.

“కడమది మల్లొకసారి చెప్త అన్నా. నువ్వు మొదలువెట్టు.”

“మధ్యల ఇడుస్తవా?” దేవయ్య గోడ మీంచి వీపు లేపి నిటారుగా కూర్చున్నాడు. “విప్పిన పటం మంగళం పాడకుండ చుడ్తరా? ఏ ఇంట్ల పుట్టినవురా నువ్వు?”

అది వాళ్ల ఇంటి కట్టు. పటం ఒక్క మూరెడు విప్పినా కథ చెప్పి మంగళం పాడాలి, అప్పుడే చుట్టాలి. కొమురయ్య ఒకసారి జ్వరంతో వణుకుతూ ముగ్గురు పిల్లలకూ ఒక కుక్కకూ కథ పూర్తి చేసి గాని పడుకోలేదు. అది చలిదేశం కథ కదా, మన పటం కాదు కదా అని రాజమల్లు అనవచ్చు. అనలేదు. అన్న మాటకు కట్టుబడ్డానని ఆ తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకున్నాడు. నిజం అది కాదు. అతనికి ఆపాలని లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతను కథ చెబుతుంటే దేవయ్య ఊకొడుతున్నాడు.

చెప్పాడు. ఎప్పుడు లేచి నిలబడ్డాడో తెలియదు. చెయ్యి దానంతట అదే లేచి గోడ మీద లేని బొమ్మలను చూపించింది. మధ్యలో ఒంటికన్ను దేవుడి పాట వచ్చింది. లోకంలోని తెలివంతా ఒక బావిలో ఉందని, ఒక్క గుక్క తాగడానికి ఆ దేవుడు తన కన్ను పీకి అందులో వేశాడని చెప్పాడు. దేవయ్య తన పొర కన్ను నలుపుకున్నాడు.

“ఒక్క కన్నేనా? అగ్గువకే దొరికింది గదరా,” అన్నాడు. సరిత పకపకా నవ్వింది.

తమ్ముడు ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలింది. తిమింగలం పక్కన రాళ్ల మీద అన్న పడి ఉన్నాడు. ఒంటి నిండా గాయాలు. తమ్ముడు వంగి చూస్తే కళ్లు తెరిచి, ‘ఆలస్యమైంది, దారి బాగా లేదు కదా మరి’ అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ కథల్లో చచ్చేవాళ్లు ఎక్కువ మాట్లాడరు. తమ్ముడు తగువుకు పోయాడు, గెలిచాడు, ముసలివాడై చూపు పోయాక ప్రతి చలికాలమూ పొయ్యి దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకల్లా అన్న కథ చెప్పాడు. కథ మన దాకా వచ్చింది అలాగే అని పుస్తకం అంటుంది.

ముగించి రాజమల్లు కూర్చుంటే దేవయ్య వదల్లేదు. మంగళం పాడమన్నాడు. చిన్నప్పుడు ఇంటిల్లిపాదికీ వచ్చిన పాట. రాజమల్లుకు మొదటి ప్రార్థన పాటా, చివరి మంగళమూ మాత్రం ఇంకా నోటికి వచ్చు. ఆ రెండింటి మధ్య ఉన్నదే రాదు. పాడాడు. దేవయ్య కళ్లు మూసుకుని తలాడించాడు.

“నీకు నాయిన గొంతు అచ్చిందిరా,” అన్నాడు దేవయ్య. “నాకు రాలే. నేను ఉత్తగ యాదుంచుకున్న.”

నలభై ఏళ్లలో ఎవరూ రాజమల్లును ఇంతగా మెచ్చుకోలేదు, ఇంతగా దెబ్బకొట్టనూ లేదు. తల ఎత్తలేకపోయాడు. ఒళ్లో నోటుబుక్కు తెరిచే ఉంది. రెండో పేజీ తెల్లగానే ఉంది. ఆరు దాటింది. అన్నకు ఆయాసం ఎక్కువైంది, సరిత లేచి నీళ్లు తాగించింది. ఇప్పుడు మొదలుపెట్టమనడానికి నోరు రాలేదు.

ఫోన్ జేబులో వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని, మంచం దగ్గర నిలబడ్డాడు.

“ఆలస్యమైంది అన్నా,” అన్నాడు. బస్సు గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

“తొవ్వ మంచిగ లేకుండె గద,” అన్నాడు దేవయ్య. నవ్వుతున్నాడు. “వచ్చే ఐతారం రా. ఏడు దినాలు సెలవు వెట్టుకొని రా. నేను పటం దించి పెడ్త.”

బస్సులో రాజమల్లు ఏడ్చాడు. పక్క సీటులో కూరగాయల బుట్టతో ఉన్న ఆమె ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాడు. అది సంతోషమో బాధో అతనికే తేలలేదు. ఆదివారానికి ఇంకా ఎన్ని రోజులున్నాయో వేళ్ల మీద చూసుకున్నాడు. నాలుగు.

మర్నాడు పొద్దున వరండాలో గరిటె తిప్పుతుంటే ఫోన్ మోగింది.

“చిన్నమామా,” అంది సరిత. “మామ లేస్తలేడు.”

రాజమల్లు పొయ్యి ఆపాడు. గరిటె గిన్నెలోనే వదిలేశాడు.

చందుర్తి చేరేసరికి వాకిట్లో చెప్పులు నిండిపోయాయి. దేవయ్యను ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. ముఖం మామూలుగా ఉంది, ఊకొడుతూ నిద్రపోయినట్టు. ఆయన పక్కన, మంచం తీసేసిన చోట, గచ్చు మీద పటం ఉంది.

సరిత చెప్పింది. నిన్న చిన్నమామ అటు వెళ్లగానే పటం దించమన్నాడట. ఐతారం నాడు దించుదాం, ఇప్పుడెందుకంటే వినలేదట. స్టూలు ఎక్కి దించి ఇచ్చిందట. పదకొండేళ్ల ముడి, వేళ్లతో రాకపోతే పళ్లతో లాగి విప్పాడట. చెదలు పట్టిందేమో చూడాలని మూరెడు విప్పాడట. ఏమీ కాలేదు, ఎరుపు కూడా అలాగే ఉందని మురిసిపోయాడట. మళ్లీ చుట్టబోతే చుట్టనివ్వలేదట. “ఉండనియ్యి బిడ్డా, ఎట్లాగు వాడు అస్తడు గద,” అన్నాడట. తమ్ముడు చెప్పిన పేర్లు ఏడూ ఒకసారి పైకి అనుకుని పడుకున్నాడట.

సిరిసిల్ల నుంచి వచ్చిన ధనుంజయ్, మనుషులు తిరగడానికి అడ్డంగా ఉందని పటం తీయబోయాడు. రెండు అంచులూ పట్టుకుని చుట్టడానికి వంగాడు.

“ఆగురా,” అన్నాడు రాజమల్లు.

ధనుంజయ్ ఆగాడు. రాజమల్లు పటం ముందు కూర్చున్నాడు. అందరూ అతను ఏదో చేస్తాడని చూశారు. ప్రార్థన పాట అతనికి వచ్చు, గొంతులోకి వచ్చింది కూడా. పాడితే తర్వాత ఏం చెప్పాలి? మంగళమూ వచ్చు. చెప్పని కథకు మంగళం పాడితే అది నాయిన ముందు అబద్ధమాడినట్టు. జేబులో ఫోన్ ఉంది. అందులో రెండు గంటల పదకొండు నిమిషాల రికార్డింగ్ ఉంది. దాని నిండా తన గొంతే, చలిదేశపు అన్నదమ్ముల కథే. వెనక ఎక్కడో సన్నగా, ఊపిరి అందని ఊ, ఊ.

ఇక అతడు ఈ కథలో లేడు అన్న మాట గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ అది చదివినప్పుడల్లా సిగ్గుపడ్డాడే గాని పూర్తిగా ఒప్పుకోలేదు. ఎప్పటికైనా కథలోకి తిరిగి రావచ్చు, అన్న ఉన్నాడు, రెండో కర్ర ఉంది అనుకున్నాడు. కథ ముప్పై మూరలూ నోట్లో పెట్టుకుని దేవయ్య వెళ్లిపోతున్నాడు. బయట మిగిలింది తను.

మధ్యాహ్నం దేవయ్యను ఎత్తారు. రాజమల్లు పాడె ఒక కొమ్ము పట్టాడు. గది ఇరుకు కాబట్టి గోడకు ఒరుసుకుంటూ, పటాన్ని తొక్కకుండా ఒక్కొక్కరే పక్కకు జరుగుతూ బయటికి తీసుకుపోయారు. నాలుగో రోజు ఐతారం. రాజమల్లు వచ్చాడు, కూర్చున్నాడు, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. చుట్టొచ్చా అని సరిత అడగలేదు. ఊడ్చేటప్పుడు చుట్టూ ఊడుస్తోంది.

ముందు గదిలో గచ్చు మీద పటం మూరెడు విప్పి ఉంది. ఎర్రరంగు మీద వినాయకుడు కూర్చుని ఉన్నాడు. కథ మొదలుపెట్టే ముందు మూడు తరాలవాళ్లు వేళ్లతో ముట్టిన ఆయన పాదాల దగ్గర రంగు పోయి, గుడ్డ తెల్లగా కనిపిస్తోంది.